ఇంజనీరమ్మ కుర్చీ

దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆ లాండ్రీలో అవతలి కొస పెద్దక్కది, ఇవతలి కొస పిట్టది. ఇద్దరూ కొసలు బిగించి పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే దుప్పటి గాలి నింపుకుని పైకి లేచి, మెల్లగా దిగేది. దాన్ని సగానికి మడిచి ఎదురెదురుగా నడిచి కొసలు కలిపేవారు. విదిలించేటప్పుడు మాట్లాడటం కుదరదు కాబట్టి, కొసలు కలిసినప్పుడల్లా పెద్దక్క కథలో ఒక ముక్క చెప్పేది. ఆ ముక్క గది చివర ఇస్త్రీ బల్లల దాకా వినబడేది. ఆవిడ గొంతు అలాంటిది. మెషీన్ల మోత కూడా దాని ముందు దిగదుడుపే.

"కాంట్రాక్టరు కుర్చీలో వెనక్కి వాలి మీసం దువ్వుకుంటున్నాడు. ఇంజనీరమ్మ లోపలికొచ్చింది."

దుప్పటి లేచింది, దిగింది. బల్లల దగ్గర నలుగురూ ఇస్త్రీ పెట్టెలు పైకెత్తి పట్టుకుని ఎదురుచూశారు.

"ఎదురుగా ఉన్న కుర్చీ మీద ఫైళ్ళున్నాయి. వాటిని తీసి, అంచులు సరిచేసి, పద్ధతిగా కింద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చున్నాకే నోరు విప్పింది. ఏమందో తెలుసా?"

ఏమందో అందరికీ తెలుసు. సీరియల్ మొదలైన రోజు నుంచీ ఇంజనీరమ్మ ఎక్కడికెళ్ళినా అంతే. ఉద్యోగం అడగడానికి వెళ్ళినప్పుడూ అంతే, కల్తీ సిమెంటు సంగతి తేల్చడానికి మంత్రి దగ్గరికి వెళ్ళినప్పుడూ అంతే. అయినా బల్లల దగ్గర నుంచి అందరూ ఒక్క గొంతుతో అన్నారు.

"నిలబడి అడిగితే అడుక్కున్నట్టుంటుంది. కూర్చుని అడిగితే మాట్లాడినట్టుంటుంది!"

సీరియల్ సాయంత్రంపూట వచ్చేది. ఆ వేళకి మిగతావాళ్ళంతా కంపెనీ వ్యానులో, ఎక్కడో ట్రాఫిక్కులో ఇరుక్కుని ఉండేవారు. పెద్దక్క ఇల్లొక్కటే లాండ్రీ గోడని ఆనుకుని ఉంది. అందుకని చూసే పని ఆవిడది, వినే పని అందరిదీ. ఫోనులో చూసుకోవచ్చు కదా అని వ్యాను డ్రైవరు ఒకసారి సలహా ఇచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. పొద్దున్నే పెద్దక్క నోట వింటే గానీ ఆ కథకి రుచి ఉండేది కాదు.

పిట్టకైతే ఆ కథ పిచ్చి. ఆమెకి ఆ పేరు ఊరికే రాలేదు. సన్నటి మనిషి, సన్నటి గొంతు, నోట్లో నాలుక లేని రకం. అలాంటి మనిషి ఈమధ్య ప్రతి చిన్నదానికీ 'ఇంజనీరమ్మయితే ఏం చేసేదో' అనుకోవడం మొదలుపెట్టింది. మొన్నామధ్య కూరగాయల కొట్టువాడు సంచి అడుగున కుళ్ళిన టమాటాలు పడేస్తే తిరిగి వెళ్ళి మార్పించుకొచ్చింది. ఆ సాయంత్రమంతా కాళ్ళు నేలమీద ఆనలేదు. బస్సు డిపోలో టైర్లు బిగించే ఆమె మొగుడు ఆ భాగోతమంతా విని, "ఈ ఇంట్లో మనిద్దరమే అనుకున్నానే. ఇంజనీరమ్మకి కూడా అన్నం వండాలా?" అన్నాడు.

ఆ శుక్రవారం కథ సగంలో ఉండగా కమురు వాసన వచ్చింది.

ఇస్త్రీ పిన్ని బల్లకి రెండు చేతులూ ఆనించి నిలబడి ఉంది. ఆవిడ ముందు దిండు గలీబు మీద ఇస్త్రీ పెట్టె అచ్చు గోధుమరంగులో దిగిపోయి ఉంది. మోకాలు ఒక్కసారిగా తప్పుకుని, పడబోయి, పెట్టె వదిలేసి బల్ల పట్టుకుందట. చెప్పుల్లో ఆవిడ పాదాలు పట్టనంతగా వాచి ఉన్నాయి.

ఇంతకు ముందు అందరికీ స్టూళ్ళుండేవి. గలీబులూ చేతిగుడ్డలూ కూర్చుని ఇస్త్రీ చేసుకునేవారు, దుప్పట్లకి లేచి నిలబడేవారు. కొన్నాళ్ళ క్రితం ఎవరో పెద్ద హోటల్ వాళ్ళు లాండ్రీ చూడటానికి వచ్చారు. వాళ్ళలో ఒకాయన గది చివర నిలబడి, "వీళ్ళంతా కూర్చునే ఉన్నారే!" అన్నాడు. ఆయన మెచ్చుకున్నాడో వెక్కిరించాడో ఎవరికీ అర్థం కాలేదు. మేనేజరుకి మాత్రం వెంటనే అర్థమైపోయింది. ఆ సాయంత్రమే స్టూళ్ళన్నీ గంజి డబ్బాల గదిలోకి వెళ్ళాయి, తలుపుకి తాళం పడింది.

మేనేజరు వచ్చాడు. కాలిన గలీబుని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుగుకి ఎత్తి చూశాడు. చెడ్డవాడు కాదు, కేకలు వేసే రకం అసలే కాదు. మెల్లగానే అన్నాడు.

"నిలబడలేకపోతే చెప్పమ్మా. సోమవారం నుంచి ఇంకొకరిని చూసుకుంటాను."

 పిట్టకి ఇస్త్రీ పెట్టె పట్టుకోవడం నేర్పింది పిన్నే. బట్ట మీద నీళ్ళెలా చిలకరించాలో, కాలర్ల దగ్గర పెట్టె ముక్కు ఎలా తిప్పాలో, గుండీల చుట్టూ ఎలా పోవాలో, చెయ్యి మీద చెయ్యి వేసి చూపించింది. ఆ చేతులిప్పుడు బల్ల అంచుని వదలడం లేదు. 

భోజనాల వేళ డబ్బాలు తెరిచారు గానీ ఎవరికీ ముద్ద దిగలేదు. స్టూళ్ళు ఇప్పించమని అడగాలి, సరే. ఎవరు అడగాలి? అందరూ పెద్దక్క వైపు చూశారు. అంత గొంతున్న మనిషి ఆవిడొక్కతే కదా. పెద్దక్క డబ్బా మూత తిప్పుతూ కూర్చుంది.

"నన్ను చూడకండే. ఆయన గదిలోకి వెళ్ళానంటే నా నాలుక పిడచగట్టుకుపోతుంది. నాకు కథ చెప్పడమే వచ్చు."



"నేనడుగుతా" అంది పిట్ట.

ఆ మాట ఎవరన్నారా అని ఆమె కూడా చుట్టూ చూసింది.

"సోమవారం పొద్దున్నే అడుగుతా. కుర్చీలో కూర్చుని అడుగుతా" అంది మళ్ళీ. ఈసారి అన్నది తానేనని ఒప్పుకోక తప్పలేదు. పిన్ని ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, డబ్బా మూత పెట్టేసింది.

శనివారం అత్త వస్తుందని పిట్ట సగం రోజు సెలవు పెట్టుకుంది. పిట్ట ఇంటికొచ్చేసరికి అత్త వచ్చి ఉంది. ఆవిడ ఉండేది పెద్దకొడుకు దగ్గర. అప్పుడప్పుడూ ఇలా వచ్చి, చిన్నకోడలి వంటకి నాలుగు వంకలు పెట్టి, రెండుసార్లు వడ్డించుకు తిని వెళుతుంది. ఇద్దరికీ బాగానే పడుతుంది. సాయంత్రం అయ్యేసరికి అత్త కళ్ళజోడు తుడుచుకుని టీవీ ముందు చేరింది.

"ఉండవే, నా సీరియల్ వచ్చే వేళయింది. వంతెనలు కట్టే పిల్లది."

పిట్ట చేతిలో చీపురు కింద పడింది. "ఇంజనీరమ్మా?" అని ఒక్క గెంతులో వచ్చి అత్త పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళకి చూడబోతోంది!  మొగుణ్ణి కూడా కేకేసి పిలిచింది.

పాట అయిపోయింది. కాంట్రాక్టరు కనబడ్డాడు. మీసం ఉంది, పెద్దక్క చెప్పినట్టే దువ్వుకుంటున్నాడు. ఎదురుగా కుర్చీ కూడా ఉంది. తలుపు తెరుచుకుంది. ఇంజనీరమ్మ వచ్చింది, చక్కటి మనిషి. పిట్ట ముందుకి వంగింది.

ఇంజనీరమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయి తల దించుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కెమెరా ఆ నీళ్ళ దగ్గరికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. "దయచేసి నా మాట వినండి సార్" అంటూ చేతులు జోడించింది. కాంట్రాక్టరు నవ్వాడు. ప్రకటనలు వచ్చాయి. ప్రకటనలు అయ్యాక కూడా ఆమె అక్కడే అలాగే నిలబడి ఉంది.

"కూర్చోదేంటత్తా?" అంది పిట్ట.

"ఎవరు?"

"ఇంజనీరమ్మ. కుర్చీ లాక్కుని కూర్చోవాలి కదా ఇప్పుడు?"

అత్త కళ్ళజోడు మీదుగా ఆమెని ఎగాదిగా చూసింది. "ఇదా? కూర్చోమన్నా కూర్చోదు. మొదటి రోజు నుంచీ ఇంతే. నిలబడి ఏడుస్తుంది, ఆఖర్లో మొగుడొచ్చి కాపాడతాడు. పాపం, బంగారంలాంటి పిల్ల."

"ఉద్యోగం అడగడానికి వెళ్ళినప్పుడు?"

"అప్పుడూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను" అంది అత్త సంతోషంగా.

పిట్ట లేచి వెళ్ళి చీపురు తీసుకుని, ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చింది. పెద్దక్క మీద ఒళ్ళు మండిపోయింది. అందరినీ వెర్రివాళ్ళని చేసింది, అందులో తనని మరీను. లేని మనిషిని చూపించి ఎగదోసింది. ఇప్పుడు తను ఆ గదిలోకి ఎవరిని చూసుకుని వెళ్ళాలి? ఆ ఏడ్చేదాన్నా?

మొగుడు గుమ్మానికి ఆనుకుని ఆమె ఊడ్చడం చూస్తూ నిలబడ్డాడు.

"అయితే ఆ ఇంజనీరమ్మ లేదన్నమాట."

"లేదు. ఇంక ఎవరికీ అన్నం వండక్కర్లేదు, సరేనా?"

"మరి టమాటాలు మార్పించుకొచ్చింది ఎవరే?"

 పిట్ట అతని కాళ్ళ మీదుగా చీపురు పోనిచ్చింది.

సోమవారం పొద్దున పిన్ని వచ్చింది. మేనేజరు ఇంకొకరిని చూసుకుంటానన్నా వచ్చింది. కానీ చేతిసంచి ఎప్పటిలా మేకుకి తగిలించలేదు. భుజానికే ఉంచుకుని తలుపు పక్కన నిలబడింది. ఏ క్షణాన పొమ్మంటే ఆ క్షణాన పోవడానికి సిద్ధంగా ఉన్నట్టుంది. బల్లల దగ్గర ఎవరూ నవ్వలేదు. గది కొసన అద్దాల గదిలో మేనేజరు అప్పుడే వచ్చి కాగితాలు తిరగేస్తున్నాడు.

పెద్దక్క దుప్పటి కొస అందుకుంది. పిట్ట రెండో కొస అందుకుంది, కానీ ఆవిడ మొహంలోకి చూడలేదు. రెండు రాత్రులుగా దాచుకున్న మాటలు నాలుక చివరే ఉన్నాయి. కొసలు కలిసినప్పుడు అందరూ వినేలా అడిగేస్తే సరి. కథ అక్కడితో సరి.

దుప్పటి లేచి దిగింది. ఎదురు నడిచారు.

"శనివారం ఏమైందంటే," పెద్దక్క మొదలుపెట్టింది. "కాంట్రాక్టరు మీసం దువ్వుకుంటున్నాడు. ఇంజనీరమ్మ వచ్చింది..."

పిట్ట నోరు తెరిచింది. తెరిచి, తలుపు వైపు చూసింది. సంచి భుజాన వేసుకున్న పిన్ని మెడ ముందుకి సాచి వింటోంది. వాచిన కాళ్ళ మీద నిలబడి, తన పని ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి, ఇంజనీరమ్మకి ఏమవుతుందోనని ఆదుర్దాపడుతోంది. పిట్ట తల తిప్పుకుంది. అప్పుడు పెద్దక్క చేతులు కనబడ్డాయి. దుప్పటి కొసని ఎన్నడూ నేల తాకనివ్వని ఆ చేతులు కొసని ముద్దగా నలిపేస్తున్నాయి.

"ఏడ్చిందా అక్కా?" అని మెల్లగా అడిగింది పిట్ట.

పెద్దక్క నడక ఆగింది. దుప్పటి మీదుగా ఇద్దరి చూపులూ కలిశాయి. పిట్ట చూసేసిందని ఆవిడకి తెలిసిపోయింది. ఆవిడకి తెలిసిందని పిట్టకి తెలిసింది. 

"ఏడ్చింది," అంది పెద్దక్క చివరికి. "ఎందుకు ఏడవదే, మనిషన్నాక? ఇంటికెళ్ళి ఏడ్చింది. ముందు మాత్రం కూర్చుంది."

పిట్ట తన కొస కూడా ఆవిడ చేతిలో పెట్టి, చేతులు నడుముకి కట్టుకున్న ముందుగుడ్డకి తుడుచుకుని, అద్దాల గది వైపు నడిచింది.

మేనేజరు అలమరా దగ్గర నిలబడి ఏదో వెతుకుతున్నాడు. "ఏమ్మా?" అన్నాడు తల తిప్పకుండానే.

బల్లకి ఇవతల ఒక కుర్చీ ఉంది. దాని మీద ఎవరో పడేసిన తువ్వాళ్ళు కుప్పగా ఉన్నాయి.  పిట్ట చేతులు ఆమెని అడక్కుండానే తమ పని మొదలుపెట్టాయి. ఒక్కో తువ్వాలు తీసి, మూడు మడతలు వేసి, అంచులు సరిచేసి, బల్ల కింద దొంతర పేర్చాయి. ఆఖరి తువ్వాలు కూడా అయిపోయింది. ఇంక దాక్కోవడానికి ఏమీ మిగల్లేదు. కుర్చీ లాక్కుంది. అది గచ్చు మీద కీచుమంది. కూర్చుంది.

మేనేజరు వెనక్కి తిరిగాడు. ఆమె కూర్చుని ఉంది, తాను నిలబడి ఉన్నాడు. ఆ ఏర్పాటు ఆయనకి ఎలాగో అనిపించినట్టుంది, గబగబా వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. నడుం దగ్గర మెత్త సరిచేసుకున్నాడు.

"స్టూళ్ళు కావాలండి" అంది పిట్ట. గొంతు సన్నగానే వచ్చింది గానీ వచ్చింది.

"అది అయిపోయిన సంగతమ్మా. హోటల్ వాళ్ళు ఏమన్నారో విన్నారుగా."

"వాళ్ళు దుప్పటి చూస్తారండి. కూర్చుని ఇస్త్రీ చేశామో నిలబడి చేశామో దుప్పటి మీద కనబడదు. కాలితే కనబడుతుంది. స్టూళ్ళున్నన్నాళ్ళూ పిన్ని ఒక్క గలీబు కాల్చిందా? మీరే చెప్పండి."

మేనేజరు చెవి వెనక గోక్కున్నాడు. "కూర్చుంటే పని మందగిస్తుందని..."

"మీరూ కూర్చునే చేస్తారు కదండీ."

 మేనేజరు నడుం వెనక మెత్తని ఒకసారి తడుముకున్నాడు. ఆయన పెదవులు కాస్త వంకర తిరిగాయి. అది నవ్వేనని అర్థం కావడానికి పిట్టకి కొంచెంసేపు పట్టింది.

"మళ్ళీ ఎవరైనా చూడటానికొస్తే?"

"వస్తే లేస్తామండి. మీరూ లేస్తారుగా, మీతో పాటే."

ఆయన ఈసారి నిజంగానే నవ్వాడు. సొరుగు లాగి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"దుప్పట్లకి మాత్రం నిలబడాలి."

"దుప్పట్లకి కూర్చోవడం మాకూ రాదండి," అంది పిట్ట. తాళంచెవి మీద చెయ్యి వేసింది, కానీ తియ్యలేదు. "పిన్నిని ఉండమంటున్నారుగా?"

"ఉండమను. ఇంకొకరిని ఎక్కణ్ణుంచి తేను?" ఆయన కాగితాలు ముందుకి లాక్కున్నాడు. "అయినా నీకిది అలవాటే కదా."

"ఏదండీ?"

"ఇదే, ఈ కూర్చోవడం. పనికోసం వచ్చిన రోజు కూడా ఇంతేగా. ఇదే కుర్చీ, దీని మీద ఇలాగే ఏవో బట్టలు. కూర్చోమనకముందే అన్నీ మడతపెట్టి కింద పెట్టి, కూర్చుని, అప్పుడడిగావు పని ఉందా అని. ఇదెవర్రా బాబూ, ఎంత ధైర్యం అనుకున్నాను. మడతలు చూసి తీసుకున్నాననుకో."

పిట్ట నోరు వెళ్ళబెట్టింది. ఆ రోజు ఆమెకి బాగానే గుర్తుంది, కానీ అలా కాదు. వేరే స్టాపులో దిగిపోయి, ఎండలో నడిచి నడిచి, చెప్పు తెగి, పని ఇవ్వకపోతే ఏం చెయ్యాలో తెలియక వచ్చిన రోజు అది. ఇంకొక్క నిమిషం నిలబడి ఉంటే పడిపోయేది.

"అది ధైర్యం కాదండీ. కాళ్ళు వణికి కూర్చున్నాను."

"ఏమో మరి," అన్నాడు మేనేజరు పెన్ను మూత తీస్తూ. "నాకు మాత్రం ధైర్యంలాగే కనబడింది."

పిట్ట తాళంచెవి పట్టుకుని లేచింది. తలుపు దగ్గరికి వచ్చి అద్దంలోంచి అవతలికి చూసింది. సరిగ్గా ఎదురుగా, రెండు కొసలూ గుండెకి అదుముకుని పెద్దక్క నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి ఆవిడ నిలబడే చోటు అదే. అక్కడ నిలబడితే ఈ కుర్చీ, ఇందులో కూర్చున్న మనిషి స్పష్టంగా కనబడతారు. ఆ రోజు కూడా కనబడే ఉంటుంది, తెగిన చెప్పుతో వచ్చి, బట్టలు మడతపెట్టి, కుర్చీ లాక్కున్న ఒక సన్నటి పిల్ల. ఆ తర్వాత ఎన్నాళ్ళకో కదా సీరియల్ మొదలైంది!

పిట్టకి ముందు సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ రెండూ కలిసి బయటికొచ్చేసరికి నవ్వయ్యాయి. ఆమె తాళంచెవి పైకెత్తి చూపించింది.

అవతల గదిలో లేచిన కేకకి వ్యాను డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు. గంజి గది తెరిచి, స్టూళ్ళని ఒకరి చేతి నుంచి ఒకరు అందుకున్నారు. అన్నిటి మీదా తెల్లటి గంజిపిండి పేరుకుపోయి ఉంది. పిన్ని తన స్టూలుని వెంటనే గుర్తుపట్టింది, పొట్టి కాలుకి గుడ్డపేలిక చుట్టి ఉండేది అదొక్కటే. దాన్ని బల్ల దగ్గర వేసుకుని, అటూ ఇటూ ఊపి చూసుకుని, కూర్చుంది. కూర్చుంటూ "అమ్మయ్య" అంది. ఆ ఒక్క మాటకి గదిలో అందరి మోకాళ్ళూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాయి. సంచి మేకుకి తగిలించడం మర్చిపోతే పిట్టే తీసి తగిలించింది.

పిట్ట వెళ్ళి పెద్దక్క చేతిలోంచి తన కొస తిరిగి అందుకుంది.  ఆ రోజు దుప్పట్లన్నీ ఎప్పటికన్నా నున్నగా మడతపడ్డాయి.

మర్నాడు పొద్దున అందరూ స్టూళ్ళెక్కి, పెట్టెలు వేడెక్కించుకుని, కథకి సిద్ధమయ్యారు. పెద్దక్క దుప్పటి కొస అందుకుని గొంతు సవరించుకుంది.

"నిన్న సాయంత్రం మా వీధిలో కరెంటు పోయిందే. నేను చూడలేదు."

అందరూ ఉసూరుమన్నారు.

"పిట్ట చెబుతుంది" అంది పెద్దక్క.

"నేనా? నేనెక్కడ చూశాను? వ్యానులో ఉన్నాను కదా!"

"చూసినవాళ్ళే చెప్పాలని ఎక్కడుందే?" అంది పెద్దక్క, మొహం ఎంతో మామూలుగా పెట్టుకుని.

పిట్ట దుప్పటి విదిలించింది. అది గాలి నింపుకుని లేచి ఇద్దరి మధ్యా అడ్డుగా నిలబడి, మెల్లగా దిగింది. అవతలి నుంచి పెద్దక్క మొహం కనబడింది. ఆ మొహంలో ఒక ముడత, పెద్ద నోరు, ఎదుటివాళ్ళ మాట కోసం ఎదురుచూడటం అలవాటు లేని కళ్ళు. ఎదురు నడిచారు. కొసలు కలిశాయి.

"ఇంజనీరమ్మకి ఒక అక్క ఉంది," అంది పిట్ట. గొంతు బల్లల దాకా వెళ్ళింది. "ఆ సంగతి ఇన్నాళ్ళూ సీరియల్లో ఎవరూ చెప్పలేదు. కుర్చీలో కూర్చోవడం ఇంజనీరమ్మకి తెలియదు. ఒకసారి కాళ్ళు నొప్పెట్టి కూర్చుంటే అక్క చూసింది. చూసి, రోజూ పొద్దున్నే గుర్తుచేసేది, నువ్వు అలా కూర్చున్నావే, నువ్వు అలాంటి దానివే అని..."

పెద్దక్క చేతిలోంచి దుప్పటి జారింది. కొస వెళ్ళి నేల మీద పడింది. ఆ లాండ్రీలో అలాంటిది ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఒక్క క్షణం అందరూ కొయ్యబారిపోయి, ఆ తర్వాత ఒక్కసారిగా ఘొల్లున నవ్వారు.

"మళ్ళీ ఉతకాలి దీన్ని!" అంది పెద్దక్క. కళ్ళు తుడుచుకోవడానికి ఆ మాసిన దుప్పటే పనికొచ్చింది.

"ఉతుకుదువులేవే," అంది పిన్ని, స్టూలు ఇంకొంచెం ముందుకి లాక్కుని. "తర్వాత ఏమైందో చెప్పనీ దాన్ని."